ఆ 376 ఓట్లు ఎవరివి?

బొంగులూరు నుంచి ఒక బహిరంగ లేఖ

తెలంగాణలోని రాజకీయ పార్టీల రాష్ట్ర అధ్యక్షులకు, బీ-ఫారాల మీద సంతకాలు చేసే పెద్దలకు,



ఓట్ల లెక్కింపు ముగిసిన సాయంత్రం ఓడిన పార్టీ ఆఫీసులో వినపడే మాట ఎప్పుడూ ఒకటే. ఫలానాయన నిలబడి ఓట్లు చీల్చాడు, లేకుంటే మేమే గెలిచేవాళ్లం. గెలిచిన పార్టీ ఆ రోజు ఏమీ అనదు. వచ్చేసారి ఓడినప్పుడు పనికొస్తుందని ఆ మాటను దాచిపెట్టుకుంటుంది. మీ జెండాలు వేరు, పాటలు వేరు, ఈ సాకు మాత్రం అందరికీ ఉమ్మడి. అందుకే ఈ లేఖను ఏ ఒక్క పార్టీకో కాకుండా మీ అందరికీ కలిపి రాస్తున్నాను.

మా ఆదిబట్ల మున్సిపాలిటీ 2025 చివర్లో గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసింది. వార్డుల గీతలు మారాయి, టికెట్ల ఆశలు మొలుస్తున్నాయి. దాంతోపాటే పాత బెదిరింపూ మళ్లీ మొదలైంది. టికెట్ రానివాళ్లు సొంతంగా నిలబడొద్దట. చిన్న పార్టీలు పోటీకి దూరంగా ఉండాలట. మేము కూడా గెలిచేవాళ్లకే వేయాలి తప్ప నచ్చినవాళ్లకు వేసి ఓటు పాడు చేసుకోవద్దట. ఇది సలహాలా చెబుతున్నారు గానీ వినేవాళ్లకు హెచ్చరికలాగే ఉంది.

ఓటు పాడవడం గురించి ఇబ్రహీంపట్నం నియోజకవర్గపు ఓటర్లకు మీరు పాఠం చెప్పబోతున్నారా? అయితే మా లెక్క ఒకటి ముందు వినండి.

2018 సెప్టెంబర్ 2న మా పక్కనే ఉన్న కొంగరకలాన్‌లో అప్పటి అధికార పార్టీ టీఆర్‌ఎస్ (ఇప్పటి బీఆర్‌ఎస్) ప్రగతి నివేదన సభ జరిగింది. బొంగులూరు గేటు దగ్గర ఔటర్ రింగు రోడ్డు దిగి వచ్చిన బండ్లతో ఆ రోజు సాగర్ రోడ్డు నిండిపోయింది. నాలుగు రోజులకు అసెంబ్లీ రద్దయింది. డిసెంబర్‌లో ఎన్నికలొచ్చాయి. కాంగ్రెస్, తెలుగుదేశం, తెలంగాణ జనసమితి, సీపీఐ కలిసి మహాకూటమి కట్టాయి. సీట్ల పంపకంలో మా ఇబ్రహీంపట్నం తెలుగుదేశం వాటాకు పోయింది. ఆ పార్టీ సామ రంగారెడ్డిని నిలబెట్టింది. కాంగ్రెస్ టికెట్ తనకే వస్తుందనుకున్న మల్‌రెడ్డి రంగారెడ్డి ఊరుకోలేదు. బీఎస్పీ బీ-ఫారం తెచ్చుకుని ఏనుగు గుర్తు మీద దిగారు. టీఆర్‌ఎస్ నుంచి అప్పటి ఎమ్మెల్యే మంచిరెడ్డి కిషన్‌రెడ్డి ఉండనే ఉన్నారు.

డిసెంబర్ 11న లెక్క తేలింది. కిషన్‌రెడ్డికి, మల్‌రెడ్డికి చెరో 72 వేల పైచిలుకు ఓట్లు. తేడా 376. కూటమి అధికారికంగా నిలబెట్టిన అభ్యర్థి వాళ్లిద్దరికీ చాలా దూరంలో ఆగిపోయారు. అయినా ఆయనకు పడ్డవి వేల ఓట్లే, వందలు కావు.

ఇప్పుడు చెప్పండి, ఇక్కడ ఓటు చీల్చిందెవరు?

ఎన్నికలకు ముందు మీ పుస్తకాల ప్రకారం మల్‌రెడ్డే. కూటమి ధర్మం తప్పాడు, రెబల్ అయ్యాడు, ఓటు చీల్చబోతున్నాడు. పెట్టెలు తెరిచాక చూస్తే జనం ఆయన్నే అసలు పోటీదారుగా ఎంచుకున్నారు. చీలికంటూ జరిగితే అది కూటమి అభ్యర్థి వల్ల జరిగింది. మా ఊళ్లలో ఎవరికి బలముందో హైదరాబాద్‌లో కూర్చుని సీట్లు పంచుకున్న పెద్దలకు తెలియలేదు. ఓటర్లకు తెలుసు. ఆ తేడా ఖరీదు 376 ఓట్లు.

ఇది ఒక్కసారి వచ్చిన వింత కూడా కాదు. 2014లో ఇదే నియోజకవర్గంలో తెలుగుదేశం తరఫున కిషన్‌రెడ్డి గెలిచినప్పుడు రెండో స్థానంలో నిలిచింది స్వతంత్ర అభ్యర్థి. 2023లో కాంగ్రెస్ చివరికి మల్‌రెడ్డి రంగారెడ్డికే టికెట్ ఇచ్చింది. ఆయన 36 వేల పైచిలుకు మెజారిటీతో గెలిచారు. 2018లో చీల్చుడుగాడన్న ముద్ర వేసిన మనిషే అయిదేళ్ల తర్వాత మీ ఎమ్మెల్యే. నడుమ మారింది ఏమిటి? ఓటర్లు కొత్తగా నేర్చుకున్నదేమీ లేదు. వాళ్లు 2018లోనే చెప్పిన మాట మీ చెవిన పడటానికి అయిదేళ్లు పట్టింది.

ఇది మల్‌రెడ్డిని పొగడటానికో కిషన్‌రెడ్డిని తెగడటానికో చెబుతున్నది కాదు. ఆ ఇద్దరి మధ్యా తీర్పు ఇవ్వడానికి ఎన్నికలున్నాయి, ఇచ్చాం కూడా. నాకు అర్థం కానిది వేరే ఉంది. టికెట్ తప్పుగా ఇచ్చిన కమిటీని ఎవరూ ఒక్క మాట అనరు. టికెట్ రాక నిలబడ్డవాడు మాత్రం ద్రోహి. మూడోవాడికి వేసిన ఓటరు తెలివితక్కువవాడు. ఎక్కడిదండీ ఈ న్యాయం?

ఓటేమన్నా మీ పేరున రిజిస్ట్రేషన్ అయిన ప్లాటా, పక్కవాడు వచ్చి గెట్టు జరిపాడని తగాదా పెట్టుకోవడానికి?

మా జిల్లాలోనే ఉన్న చేవెళ్లకు పోదాం. 2023లో అక్కడ బీఆర్‌ఎస్ అభ్యర్థి కాలె యాదయ్య 268 ఓట్ల తేడాతో కాంగ్రెస్‌ను ఓడించారు. ఆ సాయంత్రం కాంగ్రెస్ కార్యకర్తలు ఎంత బాధపడి ఉంటారో ఊహించుకోవచ్చు. ఇంకో మూడు వందల మంది మూడో పార్టీకి వేయకుండా ఉంటే అనుకోవడం సహజం. 2024 జూన్‌లో ఆ యాదయ్య కాంగ్రెస్‌లోనే చేరిపోయారు. ఏ పార్టీని ఓడించడానికి ఆయనకు వేశారో ఆ ఓట్లన్నీ ఆయన వెంట ఆ పార్టీలోకే నడిచాయి. 2014లో తెలుగుదేశం గుర్తు మీద గెలిచిన మా ఇబ్రహీంపట్నం ఎమ్మెల్యే కూడా తర్వాత టీఆర్‌ఎస్‌లో చేరినవారే. ఇవాళ్టి పార్టీలన్నీ ఇలాంటి ఎమ్మెల్యేలను తలా ఒకసారి పుచ్చుకున్నవే, తలా ఒకసారి పోగొట్టుకున్నవే.

ఎవడో ఒకడు నామినేషన్ వేసి, జనం ముందుకొచ్చి, చేతనైనన్ని ఓట్లు తెచ్చుకుంటే అది చీల్చడం. పడ్డ ఓట్లన్నింటినీ మూటగట్టి అవతలి పార్టీకి అప్పగిస్తే దానికి అభివృద్ధి కోసం చేరిక అని పేరు. మొదటిది చేసినవాడికి డిపాజిట్ పోతుంది. రెండోది చేసినవాడికి ఏం పోతోంది? ఓటు చీలకూడదని మమ్మల్ని బతిమాలే నోటితోనే ఆ కండువాలు కప్పుతుంటే మీకు ఎప్పుడూ ఇబ్బందిగా అనిపించలేదా?

సరే, మోసం అసలే లేదని నేను అనను. ఉంది. మా ఇబ్రహీంపట్నం భువనగిరి లోక్‌సభ స్థానం కిందికి వస్తుంది. 2019లో ఇక్కడ కాంగ్రెస్ అభ్యర్థి కోమటిరెడ్డి వెంకట్‌రెడ్డి చేతిలో కారు గుర్తున్న టీఆర్‌ఎస్ అభ్యర్థి బూర నర్సయ్యగౌడ్ 5,219 ఓట్ల తేడాతో ఓడిపోయారు. అదే ఎన్నికలో రోడ్డు రోలరు గుర్తుకు దాదాపు 28 వేల ఓట్లు పడ్డాయి. ఆ గుర్తు మీద నిలబడ్డవారి ప్రచారం మా వీధుల్లో వినపడిన దాఖలా లేదు. కారుకు వేద్దామని పోయినవాళ్లలో కొందరు రోలరు మీద నొక్కారన్న అనుమానాన్ని కొట్టిపారేయలేం. 2020 దుబ్బాక ఉపఎన్నికలో టీఆర్‌ఎస్‌పై బీజేపీ అభ్యర్థి రఘునందన్‌రావు 1,079 ఓట్ల తేడాతో గెలిస్తే, చపాతీ రోలరు గుర్తున్న స్వతంత్రుడికి మూడున్నర వేల దాకా వచ్చాయి. 2022లో మునుగోడులో ఇంకా దూరం పోయింది. ఒక అభ్యర్థికి లాటరీలో వచ్చిన రోడ్డు రోలరును తీసేసి రిటర్నింగ్ అధికారి బేబీ వాకర్ ఇచ్చారు. ఎన్నికల సంఘం ఆ గుర్తును తిరిగి ఇప్పించి, అధికారిని పక్కన పెట్టింది. 2023 అక్టోబర్‌లో ఈ గుర్తుల గొడవ సుప్రీంకోర్టు దాకా పోతే, కారుకూ రోలరుకూ తేడా తెలియనంత అమాయకులేం కాదు ఓటర్లు అన్న ధోరణిలో కోర్టు ఆ పిటిషన్‌ను పక్కన పెట్టింది.

నాకైతే ఆ వాదనలో సగమే సబబనిపిస్తుంది. తేడా తెలుసు, నిజమే. కానీ యంత్రం మీద గుర్తు అరచేతిలో సగం కూడా ఉండదు. నలుపు గీతల బొమ్మ. అట్టపెట్టె చాటున, మసక వెలుతురులో, శుక్లాలు ముదిరిన కళ్లతో ఒక ముసలవ్వ దాన్ని చూడాలి. అక్కడ పొరపాటు జరిగితే అది ఆ అవ్వ తెలివికి కొలత కాదు. పోలికలున్న గుర్తుల్ని జాబితాలోంచి తీసేయడం ఎన్నికల సంఘానికి పెద్ద పనేమీ కాదు. రోడ్డు రోలరును 2011లో ఒకసారి తీసేశారు కూడా. మళ్లీ ఎలా వచ్చింది?

అయితే ఇక్కడా మీకో ప్రశ్న ఉంది. పేరు పోలిన మనుషుల్ని వెతికి తెచ్చి, వాళ్ల డిపాజిట్ డబ్బు కట్టి, బలపరిచేవాళ్ల సంతకాలు సైతం సమకూర్చి నామినేషన్లు వేయించే పని ఎవరు చేస్తున్నారు? అసెంబ్లీకి 10 వేలు, లోక్‌సభకు 25 వేలు. పోతుందని తెలిసి ఆ డబ్బు ఎవరు పెడతారు? 2019లో ఆంధ్రప్రదేశ్‌లో ఫ్యానును పోలిన హెలికాప్టరూ, వైఎస్సార్‌సీపీ అభ్యర్థుల పేర్లను పోలిన పేర్లూ ఒకే పార్టీ జాబితాలో కనిపించి ఎంత గొడవైందో మీకు గుర్తుండే ఉంటుంది. డమ్మీని పెట్టేవాళ్లూ, డమ్మీల వల్ల మోసపోయామని ఏడ్చేవాళ్లూ వంతులవారీగా ఒక్కళ్లే. మీరు నాటిన ముళ్లకు మమ్మల్ని జవాబుదారీ చేయకండి.

మోసపు అభ్యర్థినీ నిజమైన మూడో అభ్యర్థినీ ఒకే గాటన కట్టడమే ఈ మొత్తం వాదంలో అసలు అన్యాయం. మా ముందు నుంచి పోయే సాగర్ రోడ్డు పట్టుకుని పోతే నల్లగొండ జిల్లా. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీ చేశారు. బ్యాలెట్ పేపరు చిన్న పుస్తకమైంది. వాళ్లలో ఎక్కువమంది గెలవడానికి నిలబడలేదు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన ఊళ్లున్నాయని దేశానికి చెప్పడానికి నిలబడ్డారు. దేశం విన్నది, ఒక రకంగా. ఆ ఏడాదే చట్టం మార్చి లోక్‌సభ డిపాజిట్‌ను 500 నుంచి 10 వేలకు పెంచారు. గుర్తింపు పొందిన పార్టీ లేనివాళ్లకు పదిమంది బలపరచాలన్నారు. నీళ్ల గురించి అరిచినందుకు నామినేషన్ ధర పెంచిన దేశం మనది.

2019లో నిజామాబాద్‌లో 185 మంది నిలబడ్డారు. అందులో 178 మంది పసుపు, ఎర్రజొన్న రైతులు. అప్పటి టీఆర్‌ఎస్ ఎంపీ కవిత 70,875 ఓట్ల తేడాతో ఓడిపోయారు. రైతుల వల్లే ఓడిందని కొందరు, కాదని కొందరు ఇప్పటికీ వాదులాడుకుంటారు. నాకు ఆ వాదం మీద ఆసక్తి లేదు. పసుపు బోర్డు అన్న మాట దేశంలో ప్రతి పత్రికకూ ఎక్కింది ఆ 178 నామినేషన్ల తర్వాతే. 2025 జనవరిలో ఆ బోర్డు నిజామాబాద్‌లో మొదలైంది. వాళ్లంతా ఇంట్లో కూర్చుని రెండు పెద్ద పార్టీల్లో ఏదో ఒకదానికి చప్పుడు లేకుండా ఓటేసి ఉంటే బోర్డు వచ్చేదా?

నల్లగొండను చూశాక కూడా 2015లో లా కమిషన్ తన 255వ నివేదికలో స్వతంత్రులు చట్టసభలకు పోటీ చేయకుండా ఆపేయాలని సిఫారసు చేసింది. అది చట్టం కాలేదు. కాకుండా ఆపింది మీ మంచితనమేనని నమ్మమంటే కష్టం. రెబల్‌గా నిలబడే దారి రేపు మీలో ఎవరికైనా అవసరం పడొచ్చుగా.

అమెరికాలో చదువుకునే పిల్లలు లేని వీధి మా ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల లేదు. అక్కడి అధ్యక్ష ఎన్నికల ప్రైమరీల ఫలితాలొచ్చిన రోజు మా ఫోన్లకు ఇక్కడి వార్తల కంటే ముందు అక్కడివే వస్తాయి. చీల్చుడు గొడవ అక్కడా ఉంది. 2000లో ఫ్లోరిడాలో బుష్ 537 ఓట్ల తేడాతో గెలిచి అధ్యక్షుడయ్యారు. గ్రీన్ పార్టీ రాల్ఫ్ నాదర్‌కు అక్కడ 97 వేలకు పైగా పడ్డాయి. పాతికేళ్లు దాటినా నాదర్‌ను తిట్టేవాళ్లు ఉన్నారు. అల్ గోర్ తన సొంత రాష్ట్రం టెన్నెసీలో కూడా ఓడిపోయారనీ, అది గెలిచి ఉంటే ఫ్లోరిడా అక్కరే లేదనీ వాళ్లలో చాలామంది మర్చిపోయారు. మన 376కూ ఆ 537కూ మధ్య ఖండాలున్నాయి గానీ, ఓడినవాళ్లు చెప్పే సాకు అచ్చంగా ఒకటే.

ఒక్క విషయంలో మాత్రం వాళ్లను చూసి మీరు సిగ్గుపడాలి. అక్కడ పార్టీ అభ్యర్థి ఎవరో ప్రైమరీ ఎన్నికల్లో ఆ పార్టీ ఓటర్లు తేలుస్తారు. 2020లో డెమొక్రాట్ల ప్రైమరీల్లో చాలా రాష్ట్రాలు ఒకేరోజు ఓటేసే సూపర్ ట్యూజ్‌డేకు ముందు బుటిజజ్, క్లోబుషార్ తప్పుకుని బైడెన్ వెనక నిలిచారు. ఎలిజబెత్ వారెన్ తప్పుకోలేదు. పోటీలో ఉన్న శాండర్స్ మనుషులు ఆమెను ఓటు చీల్చిందని నానా మాటలన్నారు. అదంతా బాహాటంగా, జనం ముందు, ఓట్ల లెక్కలతో జరిగిన తగాదా. 2025 జూన్‌లో న్యూయార్క్ మేయర్ ప్రైమరీలో ఇంకో మెట్టు ఎక్కారు. అక్కడ ఓటరు ఒకటి, రెండు, మూడు అని వరస అంకెలు వేయొచ్చు. బ్రాడ్ ల్యాండర్, జొహ్రాన్ మమ్దానీ ఒకరిపై ఒకరు పోటీ చేస్తూనే, నాకు మొదటిది వేసి రెండోది అతనికి వేయండని ఒకరికొకరు ప్రచారం చేసుకున్నారు. ఒకడు నిలబడితే ఇంకొకడు చెడిపోతాడన్న భయం లేకపోతే పోటీదారులు ఎంత మర్యాదగా ఉండగలరో చూడండి.

ఇది మనకు చేతకాని విద్యేమీ కాదు. 2021 మార్చిలో హైదరాబాద్, రంగారెడ్డి, మహబూబ్‌నగర్ పట్టభద్రుల ఎమ్మెల్సీ స్థానానికి 93 మంది పోటీ చేశారు. మా జిల్లాలో డిగ్రీ చదివినవాళ్లు ఎందరో ఆ బ్యాలెట్ పట్టుకున్నవాళ్లే. విప్పితే దినపత్రికంత కాగితం. పేర్ల పక్కన అంకెలు వేసి మడిచి వేసి వచ్చారు. మొదటి ప్రాధాన్యంలో ఎవరికీ సగం దాటలేదు. తక్కువ వచ్చినవాళ్లను ఒక్కొక్కర్నీ తీసేస్తూ, వాళ్ల ఓట్లలోని రెండో అంకెను పైవాళ్లకు కలుపుతూ రోజుల తరబడి లెక్కించారు. పీవీ నరసింహారావు కూతురు సురభి వాణీదేవి గెలిచారు, బీజేపీ రాంచందర్‌రావు ఓడిపోయారు, ప్రొఫెసర్ నాగేశ్వర్ మూడో స్థానంలో నిలిచారు. 93 మంది! అయినా నాగేశ్వర్ ఓట్లు చీల్చారన్న మాట ఎవరి నోటా వినలేదు. ఆ మాటకు అక్కడ చోటే లేదు. ఆయనకు వేసినవాళ్ల రెండో ఇష్టం కూడా లెక్కలోకి వచ్చింది.

ఇంకా వెనక్కి పోతే 1969 రాష్ట్రపతి ఎన్నిక ఉంది. ఇద్దరు తెలుగువాళ్ల మధ్య జరిగిన పోటీ అది. కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి నీలం సంజీవరెడ్డి. స్వతంత్రుడిగా వి.వి.గిరి. ఇందిరాగాంధీ అంతరాత్మ ప్రబోధం పేరిట గిరి వైపు నిలిచారు. స్వతంత్ర పార్టీ, జనసంఘ్ మద్దతుతో సి.డి.దేశ్‌ముఖ్ మూడోవారు. మొదటి లెక్కలో గిరికి 4,01,515 విలువ గల ఓట్లు, సంజీవరెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కు 1,12,769. మన అసెంబ్లీ పద్ధతే అయితే కథ అక్కడితో అయిపోయేది, దేశ్‌ముఖ్ చీల్చాడని సంజీవరెడ్డి వర్గం జీవితాంతం తిట్టుకునేది. అక్కడ అలా కాలేదు. దేశ్‌ముఖ్ ఓట్లలోని రెండో ప్రాధాన్యాల్ని కూడా పంచారు. అవి ఎక్కువగా సంజీవరెడ్డికే పోయాయి. చివరికి గిరి 4,20,077, సంజీవరెడ్డి 4,05,427. ఓడినా సంజీవరెడ్డికి తన లెక్క తనకు పూర్తిగా అందింది. దేశపు మొదటి పౌరుణ్ణి ఎన్నుకునేటప్పుడు ఎమ్మెల్యేలకు, ఎంపీలకు రెండో ఇష్టం చెప్పే హక్కుంది. డిగ్రీ ఉన్నవాళ్లకు ఉంది. బొంగులూరులో కైకిలికి పోయే ఆడమనిషికి ఎందుకు లేదు? ఒకటి, రెండు అంకెలు వేయడం ఆమెకు రాదనా?

చట్టం మార్చడం మీ ఒక్కరి చేతిలో లేదని మీరంటారు. ఒప్పుకుంటాను. అయితే మీ చేతిలో పూర్తిగా ఉన్న పని ఒకటుంది, దానికి పార్లమెంటు అక్కరలేదు. మీ పార్టీ సభ్యుల్ని అడిగి టికెట్ ఇవ్వడం.

2023 ఆగస్టు 21న కేసీఆర్ ఒక్క విలేకరుల సమావేశంలో 115 మంది పేర్లు చదివేశారు. అదే నెలలో కాంగ్రెస్ గాంధీభవన్‌లో దరఖాస్తుకు 50 వేలు, ఎస్సీ ఎస్టీలకైతే 25 వేలు కట్టించుకుని వెయ్యికి పైగా అర్జీలు తీసుకున్నారు. రెండు పద్ధతుల్లోనూ ఆయా నియోజకవర్గాల సభ్యుల ఓటు ఎక్కడుంది? సర్వేలు చేయించామంటారు. ఆ సర్వే ఎవరిని అడిగింది, ఏం తేలింది, మాకు కాదు సరే, మీ మండల అధ్యక్షుడికైనా చూపించారా? సభ్యత్వ రశీదు తీసుకున్న కార్యకర్తకు 2 లక్షల ప్రమాద బీమా ఇస్తామని రెండు పెద్ద పార్టీలూ గొప్పగా చెప్పుకున్నాయి. చస్తే డబ్బిస్తారు. బతికున్నన్నాళ్లూ అభ్యర్థి ఎవరని ఒక్కసారి అడగరు.

ఎవరూ చేయలేదని కూడా కాదు. 2014లో రాహుల్ గాంధీ చొరవతో కాంగ్రెస్ ఓ పదిహేను లోక్‌సభ స్థానాల్లో అమెరికా ప్రైమరీల తరహాలో కార్యకర్తలతో ఓటేయించింది. వడోదరలో అలా నరేంద్ర రావత్ గెలిచారు. తీరా నరేంద్ర మోదీ అక్కడ పోటీకి దిగుతున్నారని తెలిశాక రావత్ తప్పుకోవలసి వచ్చింది, మధుసూదన్ మిస్త్రీని నిలబెట్టారు. కార్యకర్తలు వేసిన ఓట్లు ఏమయ్యాయని అడిగే దిక్కు లేదు. ఆ ప్రయోగం మళ్లీ ఎక్కడా కనపడలేదు. ఒక్కసారి తడబడ్డామని నడకే మానేయడమా?

ఇలాంటి ఎన్నిక పెడితే డబ్బు పారుతుంది, కులాలు చీలతాయి, అవతలి పార్టీవాళ్లు దొంగచాటుగా వచ్చి ఓటేస్తారు అని మీరు చెప్పబోయే మాటలు నాకు తెలుసు. మూడూ నిజమయ్యే అవకాశం ఉంది. మరి ఇప్పుడు డబ్బు పారడం లేదా? మునుగోడులో ఏం పారిందో లోకమంతా చూసింది. ఇప్పుడున్నది చీకట్లో జరిగే బేరం, అప్పుడు వెలుతురులో జరిగే తగాదా. సభ్యుల ఓటుతో ఓడిన ఆశావహుడు మళ్లీ రెబల్‌గా నిలబడితే, జనం ముఖం మీదే అడుగుతారు: నీ సొంత పార్టీవాళ్లే నిన్ను కాదన్నారు కదా అని. టికెట్ కమిటీ కాదన్నవాడికి ఆ ప్రశ్న ఎవరూ వేయలేరు. వేస్తే, నన్ను కాదన్నది ఎవరో చెప్పండి అని అతను ఎదురు అడుగుతాడు. 2018లో మా దగ్గర జరిగిందదే.

తప్పుకోవడం తప్పని కూడా నేను అనడం లేదు. 2023 నవంబర్‌లో షర్మిల ఓటు చీలకూడదని తన పార్టీని పోటీ నుంచి తప్పించారు. 2022లో ఇప్పటం సభలో పవన్ కల్యాణ్ ప్రభుత్వ వ్యతిరేక ఓటు చీలనివ్వనని చెప్పి, 2024లో ఆ మాట మీదే కూటమి కట్టించారు. ఆ నిర్ణయాలు మంచివా చెడ్డవా అని వాదించుకోవచ్చు. వాళ్ల పార్టీలు, వాళ్ల నిర్ణయాలు. నా అభ్యంతరం ఆ నిర్ణయాన్ని ఇతరుల మీద రుద్దడం మీద. 2009లో ప్రజారాజ్యం ఓట్లు చీల్చిందని తిట్టినవాళ్లు ఎందరో! పద్దెనిమిది సీట్లు తెచ్చుకున్న ఆ పార్టీ రెండేళ్లకే కాంగ్రెస్‌లో కలిసిపోయినప్పుడు, దానికి నిజాయితీగా ఓటేసినవాళ్లు ఏమనుకున్నారో అడిగినవాళ్లు ఎందరు?

కాబట్టి అడగదలచుకున్నది అడిగేస్తాను. వార్డు ఎన్నికలు వచ్చినప్పుడు మా వార్డులో మీ రశీదున్న సభ్యుల జాబితాను ముందు గోడకు అంటించండి. టికెట్ కావాలన్నవాళ్లందర్నీ ఒక ఆదివారం బొంగులూరులో ఒకే వేదిక మీదికి పిలవండి. చెరువుల సంగతి, మురుగు కాల్వల సంగతి, కొత్త కాలనీలకు నీళ్ల సంగతి వాళ్ల నోట మేం విన్నాక, మీ సభ్యులతో చీటీలు వేయించండి. చీటీ మీద ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేయనివ్వండి. అక్కడే లెక్కించి, గెలిచినవాళ్ల చేతికి అక్కడే బీ-ఫారం ఇవ్వండి. లోక్‌సభకో అసెంబ్లీకో చేయమనడం లేదు, ఒక్క వార్డుకు. నాలుగైదు వందల చీటీల పని. మధ్యాహ్నానికల్లా అయిపోతుంది.

అలా చేసిన పార్టీకి మా ఓటు ఖాయమని హామీ ఇవ్వను. అది మా ఇష్టం. కానీ ఆ తర్వాత ఎవరైనా సొంతంగా నిలబడి మీకు 376 ఓట్లు తక్కువైతే, అప్పుడు మీరు చెప్పే మాటను నిలబడి వింటాం.

మీలో ఏ పార్టీ ఆ ఆదివారం తేదీ ముందుగా ప్రకటిస్తుంది?

ఇట్లు,
బొంగులూరు ఓటరు ఒకరు,
ఇబ్రహీంపట్నం, రంగారెడ్డి జిల్లా